చేతి మీద అగ్గిపెట్టె

మాస్టారి క్లాసులో పియానో ముందు కూర్చుంటే మణికట్టు మీద ఖాళీ అగ్గిపెట్టె ఉండాల్సిందే. అది పడిందా, పాఠం మళ్లీ మొదటికి. చెయ్యి కొయ్యలా బిగిస్తేనే అది నిలుస్తుంది. నొప్పి పుడితే చెయ్యి పండుతున్నట్టని ఆయన సిద్ధాంతం. పిల్లలు కూడా ఎవరికెంత నొప్పో గొప్పగా చెప్పుకునేవారు. పిచ్చి ముదరడమంటే ఇదే మరి.

ఒకప్పుడు ఆ క్లాసులో, పిల్లలంతా అక్కా అని పిలిచే ఆమెను మించినవాళ్లు లేరు. ఆ బిగింపుతోనే చెయ్యి పాడై, ఇప్పుడామె తడిబట్ట పిండలేదు, సీసా మూత తియ్యలేదు. అక్కడే వెనకగదిలో చిన్నపిల్లలకు పియానో ఓనమాలు నేర్పుతుంది. స్టూలు ఎత్తు సరిచేస్తుంది, కాళ్లందనివాళ్లకు కింద పీట వేస్తుంది, కాసేపటికోసారి లేపి చేతులు వదులు చేయిస్తుంది. మాస్టారు దానికి ఉయ్యాల క్లాసని పేరు పెట్టారు.

మాస్టారి క్లాసులోనే నేర్చుకుంటున్న ఆమె చెల్లెలు బుడ్డి, ఒక సాయంత్రం ఇంట్లో మంచినీళ్ల గ్లాసును ఎడమచేత్తో ఎత్తింది. అది అక్క కంటపడింది. తనూ ఒకప్పుడు అమ్మ దగ్గర కుడిచేతి నొప్పిని అలాగే దాచింది. గట్టిగా అడిగితే బుడ్డి ముందు బుకాయించి, తర్వాత ఏడ్చేసింది. నెలాఖరున కచేరీ. తెలిస్తే అక్క మాన్పించేస్తుందని దాని భయం.

మర్నాడు అక్క పిలవకుండానే మాస్టారి క్లాసులోకి వెళ్లి, బుడ్డి చేతి మీది అగ్గిపెట్టె తీసేసింది. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు.

"నొప్పి లేకుండా ఎవరి చెయ్యైనా పండిందా?" అన్నారు మాస్టారు.

"నాది పండింది కదండీ. పండి రాలిపోయింది. దీని చెయ్యి రాలనివ్వను."

ఒక్కసారి అది పెట్టుకుని మీరు వాయించండి అని అడిగింది. అదెంత పని అన్నట్టు ఆయన చెయ్యి చాపారు. రెండో వరుస దాటకముందే అగ్గిపెట్టె జారి పెడల్ పక్కన పడింది. మళ్లీ పెట్టించుకున్నారు. మళ్లీ పడింది. హాయిగా వాయించే చెయ్యి కదలకుండా ఎలా ఉంటుంది? ఇన్నేళ్లూ దాన్ని పిల్లల చేతుల మీద పెట్టడమే గాని, ఆయన తన చేతి మీద ఎన్నడూ పెట్టుకోలేదు.

"మా గురువుగారు పెట్టిన నియమం ఇది," అన్నారు గొంతు తగ్గించి. అంతలోనే పంతం పొడుచుకొచ్చింది. బుడ్డికి కచేరీలో చోటు లేదన్నారు.

బుడ్డి ముఖం మాడిపోయింది. అయినా లేచి అక్క వెనకే వచ్చేసింది. దారిపొడవునా ఏడుస్తూనే ఉంది. అక్క ఏడవనిచ్చింది. కచేరీలు మళ్లీ వస్తాయి, పోయిన చెయ్యి రాదు.

తెల్లారి అక్క యథాప్రకారం పనికి వెళ్లింది. గెంటేస్తే అప్పుడు చూసుకుందాం అనుకుంది. వెనకగది ముందు మాస్టారు నెత్తిన పెట్టుకునే శిష్యురాలు నిలబడి ఉంది. మణికట్టుకు చేతిరుమాలు కట్టుకుంది.

"అక్కా, నాకూ నొప్పే," అంది మెల్లగా. ఆమె వెనక ఇంకో ఇద్దరున్నారు.

వసారా చివర నిలబడి మాస్టారు చూస్తున్నారు. ఆయన చూస్తుండగానే అక్క తలుపు బార్లా తెరిచింది.

"రండి. ముందు చేతులు వదులు చెయ్యండి. వాయించడం తర్వాత."