నల్లగుడ్డ మీద సుద్దగీతలు

డ్రమ్ము మోగుతోందని నా మీద ఫిర్యాదు! మీరే చెప్పండి, డ్రమ్ము మోగక మూలుగుతుందా?

మంగళవారం మధ్యాహ్నం స్టూడియోలో ఆ మాట అన్నది సౌండ్ ఇంజినీరు. నిండా పాతికేళ్ళు ఉండవు, ముఖం కంటే కళ్ళజోడు పెద్దది. నేను డ్రమ్స్ వాయించడం మొదలుపెట్టేనాటికి ఆ పిల్ల పుట్టనే లేదు. అద్దం అవతల కూర్చుని మైకులో చెప్పింది.

"అంకుల్, మీ స్నేర్ బాగా రింగ్ అవుతోంది. దెబ్బ అయిపోయాక కూడా సన్నగా ఈల వేసినట్టు సాగుతోంది. పాట మీద పడుతోంది."

స్నేర్ అంటే వాయించేవాడి మోకాళ్ళ మధ్య ఉండే డ్రమ్ము. అడుగున సన్నటి తీగలుంటాయి, అందుకే దెబ్బ గరగరమని పడుతుంది. మిగతా డ్రమ్ములన్నీ చుట్టాలు, ఇంటిమనిషి అదే. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా దగ్గరున్న డ్రమ్ము ఈల వేస్తే నాకు తెలియదా? నాకు ఏ ఈలా వినపడలేదు. రికార్డు చేయడం చేతకాక నా డ్రమ్ము మీద పెడుతోంది, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అనుకున్నాను. అనుకోవడమేమిటి, పైకే అన్నాను.

అప్పుడు మా బావమరిది లోపలికొచ్చాడు. నా భార్యకు తమ్ముడు, పాటగాడు. ఇన్నేళ్ళూ ఎవరెవరి పాటలో పాడి, ఇప్పటికి సొంతంగా నాలుగు పాటలు కట్టుకున్నాడు. వాడి మొదటి కచేరీ నుంచీ వెనక డ్రమ్స్ నావే. ఎప్పుడూ నాతో పరాచికాలాడేవాడు ఆ రోజు నేల చూస్తూ మాట్లాడాడు.

"బావా, ఏమీ అనుకోకు. మూడో పాటలో నువ్వొక్క దెబ్బ కొట్టి ఆగుతావు చూడు, ఆ నిశ్శబ్దంలోంచి నేను ఎత్తుకోవాలి. అక్కడ నిశ్శబ్దమే లేదు, నీ స్నేర్ కూస్తోంది. శుక్రవారం పొద్దున పదింటికి మళ్ళీ కూర్చుందాం. అప్పటికి అది పోతే సరే."

"పోకపోతే?"

"డ్రమ్స్ ఈ అమ్మాయి కంప్యూటర్‌లోంచి పెట్టేస్తుందట."

నాకు తల కొట్టేసినట్టయింది. పరాయివాళ్ళు యంత్రాన్ని పెట్టుకుంటే పెట్టుకోనీ. మా ఇంటి పిల్లాడి సొంత పాటలో నా స్థానంలో యంత్రమా? స్నేర్‌ని సంచిలో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికొచ్చేశాను.

మా ఇంట్లో ముందుగది నా భార్యది. కుట్టుమిషన్, కత్తిరింపు బల్ల, గోడకి దారపు ఉండలు. వెనకగది నాది. మధ్యలో తలుపుంది గానీ ఉండీ లేనట్టే. నేను వాయిస్తే ఆవిడ డబ్బాలో గుండుసూదులు గెంతుతాయి. ఆవిడ మిషన్ తొక్కితే నా గదిలో నేల అదురుతుంది. ఇలాగే ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాం.

బుధవారం పొద్దున్నే టేపు చుట్ట పట్టుకుని కూర్చున్నాను. రింగ్ వస్తే తోలు అంచున చిన్న టేపు ముక్క అంటించడం అందరికీ తెలిసిన వైద్యమే. డ్రమ్ము మీద ఉండేది ప్లాస్టిక్కే అయినా మేము తోలనే అంటాం. ఒక ముక్క అంటించి, కొట్టి, తలుపులోంచి అడిగాను.

"ఇప్పుడు?"

"ఉంది" అంది ఆవిడ, మిషన్ ఆపకుండానే.

రెండో ముక్క. "ఇప్పుడు?"

"ఉందండీ."

"నిన్న నీ తమ్ముడు ఫోన్ చేసి ఇలా అనమన్నాడా? అక్కాతమ్ముళ్ళు కూడబలుక్కున్నారా?"

"వాడికి వేరే పనేమీ లేదా? చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాడట. మీతో అలాగే ఉంది నా పని."

పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం నేను. మధ్యాహ్నానికి స్నేర్ మీద పదకొండు టేపు ముక్కలు, వాటి మీద నా పర్సు, కిందివైపు మడిచిన తువ్వాలు. "ఇప్పుడు లేదు" అంది ఆవిడ ఎట్టకేలకు. గెలిచాననుకుని ఫోన్‌లో రికార్డు చేసి బావమరిదికి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు.

"బావా, రింగ్ పోయింది."

"చూశావా మరి!"

"డ్రమ్ము కూడా పోయింది బావా. అట్టపెట్టె మీద కొట్టినట్టుంది."

ఫోన్ మంచం మీదికి విసిరేశాను. కోపంతో టేపు ముక్కలన్నీ పీకేస్తుంటే ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో పెద్ద కత్తెర, వేలికి కుట్టుపనికి పెట్టుకునే ఇనుప తొడుగు.

"కాస్త అటు తిరిగి కూర్చోండి."

"ఎందుకు?"

"తిరగండి చెప్తాను."

గోడకేసి తిరిగి కూర్చున్నాను. వీధిలో బస్సు గేరు మార్చడం వినిపించింది. పైవాళ్ళు కుర్చీ జరపడం వినిపించింది. ఎంతసేపటికీ వెనక నుంచి ఏమీ లేదు. "ఏం చేస్తావో చెయ్యి, నాకు పనుంది" అన్నాను. మాట రాకపోయేసరికి తిరిగి చూశాను. కత్తెర ఎత్తి పట్టుకుని ఉంది. వేలి తొడుగు దాని అంచు మీదే ఉంది.

"ఆరుసార్లు కొట్టానండీ" అంది. "ఖంగుమంది."

నేను కత్తెర వైపే చూశాను.

"మొన్న మిషన్ కీచుమంటోంది, నూనె వెయ్యండి అంటే నీ భ్రమ అన్నారు. నిన్న సాయంత్రం నేను బజారుకెళ్ళినప్పుడు బెల్లు కొట్టి కొట్టి ఒకావిడ వెళ్ళిపోయింది. మీరు ఇక్కడే కూర్చుని ఉన్నారు." తర్వాత గొంతు తగ్గించింది. "పొద్దున శంఖం అన్నాను కదా, ఆ మాట అనకుండా ఉండాల్సింది."

నాకు భయం వేసింది. సిగ్గు పడడానికేముంది, నిజమే చెప్తున్నాను. పెద్ద చప్పుళ్ళన్నీ వినిపిస్తున్నాయి కాబట్టి అన్నీ వినిపిస్తున్నాయనుకున్నాను. సన్నటివి ఎప్పుడు వెళ్ళిపోయాయో చెప్పకుండా వెళ్ళిపోయాయి.

అప్పుడు ఇంకోటి కూడా అర్థమైంది. ఏడాదిగా నా స్నేర్‌లో పదును తగ్గిందనిపించేది. తగ్గినప్పుడల్లా మరలు తిప్పే కీ పెట్టి పైతోలు ఇంకాస్త బిగించేవాణ్ణి. తగ్గింది డ్రమ్ములో కాదు, నా చెవిలో. పదును కోసం బిగిస్తూ బిగిస్తూ, నాకు వినపడని ఆ ఈలని నేనే తయారు చేశాను. ఆడలేక మద్దెల ఓడన్నది ఆ పిల్ల కాదు.

"నీ తమ్ముడికి చెప్పకు" అన్నాను.

"నేను చెప్పను. మీరే చెప్పాలి."

"చెవిటి డ్రమ్మరంటారు. ఆ సీట్లో మళ్ళీ ఎవడు కూర్చోనిస్తాడు?"

ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టేసి, "శనివారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం. ముందు ఈ డ్రమ్ము సంగతి చూడండి" అంది.

గురువారం పొద్దున ఆవిడ మిషన్ మూసేసింది. కుట్టాల్సిన యూనిఫారాలు కుప్పగా పక్కనే ఉన్నాయి. స్నేర్‌ని కత్తిరింపు బల్ల పక్కకే తెచ్చుకున్నాను. టేపు, పర్సు, తువ్వాలు ఏవీ లేవు. పైతోలు మరలు పదీ వదులు చేసి మొదటి నుంచీ మొదలుపెట్టాను. ఒక మర తిప్పితే తర్వాత దాని ఎదుటి మర. ఒక్కొక్క మర పక్కన పుల్లతో చిన్నగా తట్టి, అన్నిచోట్లా ఒకే శ్రుతి పలికేదాకా. అది నాకు వినపడుతుంది, ఆ పని నా చెవి ఇంకా చేస్తుంది. తర్వాత గట్టిగా ఒక దెబ్బ కొట్టి ఆవిడ వైపు చూశాను.

"ఎంతసేపుంది?"

"కాసేపు."

"కాసేపంటే ఎంత?"

"ఇంత" అని చేతులు చాపింది.

"ఇంతంటే ఎంతే? నువ్వు దర్జీవి, కొలిచి చెప్పు!"

కోపంగా చూసింది నా వైపు. ఆ కోపంలోనే మూలనున్న నల్లగుడ్డ తీసి బల్ల మీద పరిచి, బట్టల మీద గుర్తులు పెట్టే సుద్ద పట్టుకుంది. "ఊఁ, కొట్టండి" అంది. కొట్టాను. దెబ్బ పడగానే సుద్ద కదిలింది. కొలత బట్ట మీద గీసేటప్పుడు ఆవిడ చెయ్యి ఎంత నిలకడగా సాగుతుందో అలాగే సాగి, ఒకచోట ఆగింది. మూరెడు గీత.

ఆ గీతని చూస్తూ ఉండిపోయాను. ఊరంతా విన్నదాన్ని నేను మొదటిసారి చూశాను.

ఇక వదల్లేదు. పైతోలు కాస్త దించాను, గీత జానెడున్నర అయింది. స్నేర్ తిరగేసి కిందితోలు చూశాను. ఎన్నేళ్ళయిందో దాని మొహం చూసి! మూడు మరలు చేత్తో తిరిగేంత వదులు. వాటిని సరిచేస్తే జానెడు. మళ్ళీ పైది. ఒకసారి పొరపాటున ఎక్కువ తిప్పాను, గీత బల్ల చివరిదాకా పోయింది. "నడుముకి కొలత తీస్తే పాదాల దాకా వచ్చింది" అని ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. రెండు రోజుల తర్వాత అదే నవ్వడం.

మధ్యాహ్నానికి బెత్తెడు దగ్గర ఆగిపోయింది. ఎటు తిప్పినా నాలుగు వేళ్ళకి తగ్గదు.

"పాత తోలు ఏదైనా ఉందా?" అని అడిగింది ఆవిడ. అటక మీద చిరిగినది ఒకటుంది. దాన్ని తెచ్చి, బట్టలు కొలిచే టేపుతో స్నేర్ కొలత తీసుకుని, పెద్ద కత్తెరతో అంచు వెంట వేలెడు వెడల్పున గుండ్రంగా కత్తిరించింది. చొక్కాకి కాలర్ తీసినట్టు తీసింది. ఆ చక్రాన్ని ఊరికే తోలు అంచు మీద పెట్టాం. కొట్టాను. సుద్ద కదిలి వెంటనే ఆగింది. రెండు వేళ్ళు.

"ఇంకొక్క టేపు ముక్క వేస్తే అదీ పోతుంది" అన్నాను.

"వద్దు, ఉండనివ్వండి. బట్టకి కుట్టుకోసం అంచు వదలమూ? మొత్తం కత్తిరించేస్తే మనిషి పట్టడు." ఇరవై ఆరేళ్ళుగా నా మోతని తిడుతున్న మనిషి, చెయ్యి స్నేర్ మీద ఆనించి, "ఇప్పుడు బాగుంది, ఎవరో నిజంగా తలుపు తట్టినట్టుంది" అంది. ఆ మాటకి నా కడుపు నిండింది.

శుక్రవారం పదింటికి స్టూడియోలో కూర్చున్నాను. స్నేర్ సంచిలో గుడ్డేదో తగిలితే తీసి చూశాను. అదే నల్లగుడ్డ, మడతలో సుద్దముక్క. ఎందుకు పెట్టిందో అర్థమై, అర్థం కానట్టు మళ్ళీ లోపల తోసేశాను.

మూడో పాటకి ముందు ఒక్క దెబ్బ కొట్టమంది కళ్ళజోడమ్మాయి. కొట్టాను. అద్దం అవతల మొహం వెలిగింది.

"అంకుల్, చాలా బాగుంది! కొంచెం, ఇంకా కొంచెం రింగ్ ఉంది. బండి మీద తెచ్చేటప్పుడు కదిలిందేమో. అది పోయేదాకా మీరే కాస్త తిప్పండి, మీకు వినిపిస్తోందిగా."

మీకు వినిపిస్తోందిగా! కీ చేతిలో పట్టుకున్నాను. ఏదో ఒక మర అటూ ఇటూ తిప్పి, తల పంకించి, "ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అనొచ్చు. అదృష్టముంటే సరిపోతుంది. లేకపోతే మళ్ళీ తిప్పుతాను. ఎన్నిసార్లు? ఆ పిల్లకి అనుమానం వచ్చేదాకానా? బావమరిది పాట పాడయ్యేదాకానా? పక్కనే వాడు కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, ఆ ఎత్తుగడ లోలోపలే పాడుకుంటున్నాడు. ఈ నాలుగు పాటల కోసం వాడు ఎన్నాళ్ళు ఆగాడో నాకు తెలుసు.

కీ పక్కన పెట్టి, సంచిలోంచి గుడ్డ తీసి పక్కనున్న బల్ల మీద పరిచాను.

"నాకు వినపడదమ్మా" అన్నాను. "సన్నటి శబ్దం నాకు వినపడదు. మొన్న నువ్వు చెప్పింది నిజం, నేనే నోరు పారేసుకున్నాను. నేను కొడతాను. అది ఎంతసేపుంటే అంత పొడుగు గీత ఎవరైనా గీయండి. గీత చూసి నేను సరిచేస్తాను. రెండు వేళ్ళకి వస్తే చాలు."

బావమరిది గుడ్డ దగ్గరికొచ్చి, వాళ్ళక్క గీసిన గీతలన్నీ వరసగా చూశాడు. మూరెడు, జానెడున్నర, జానెడు, చివర్న రెండు వేళ్ళు.

"ఇది మా అక్క చెయ్యే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అంటే వెనక నుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకనిది అందుకా? నేను నీకు పొగరనుకున్నాను కదా బావా!"

"పొగరు కూడా ఉందిలేరా."

నవ్వబోయి, నవ్వలేక, కళ్ళు తుడుచుకున్నాడు. మా ఇద్దరి మధ్య ఇంతే, పెద్ద మాటలు రావు. సుద్ద తీసుకుని బల్ల మీదికి వంగాడు. "కొట్టు" అన్నాడు.

మొదటి గీత వంకరగా ఆరు వేళ్ళు వచ్చింది. పాటగాడి చెయ్యి కదా. కింద రెండు మరలు బిగించాను. నాలుగు. పైన ఒకటి పావు తిప్పాను. మూడు. కళ్ళజోడమ్మాయి అద్దం అవతల నుంచి లేచి లోపలికే వచ్చేసి, బల్ల పక్కన నిలబడి చూసింది. చివరి గీత మా ఆవిడ గీసిన రెండు వేళ్ళ గీత కింద సరిగ్గా సరిపోయింది.

ఆ మధ్యాహ్నం మూడో పాట తిరిగి వినిపించారు. డ్రమ్స్ అన్నీ నావే. ఆ చోటు వచ్చింది. నా దెబ్బ పడింది. దాని తర్వాత నాకు ఎప్పుడూ నిశ్శబ్దమే, మంగళవారమూ అంతే, ఇప్పుడూ అంతే. అందుకని నేను స్పీకర్ల వైపు చూడలేదు, బావమరిది చేతి వైపు చూశాను. సుద్ద ఇంకా వాడి వేళ్ళలోనే ఉంది. అది రెండు వేళ్ళంత మేర కదిలి ఆగిపోయింది. అప్పుడు స్పీకర్లలో వాడి గొంతు మొదలైంది.