పెళ్లికి వచ్చిన ఎలుగుబంటి

కార్వాన్ బస్తీలోని ఆ చిన్న లైబ్రరీలో పిల్లల గది చూసుకునేది సురయ్యా. ఆమె చేరిన కొత్తలో పిల్లలు వచ్చేది కూలర్ గాలి కోసమే. పుస్తకాలను కొందరు తలకింద పెట్టుకునేవాళ్లు, కొందరు ఒకరి మీదికొకరు విసురుకునేవాళ్లు. చదివేవాళ్లు మాత్రం లేరు.

ఒక సోమవారం ఆమె బొమ్మల పుస్తకం ఒకటి తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఒక ఎలుగుబంటి షేర్వానీ తొడుక్కుని, టోపీ పెట్టుకుని పెళ్లికి వెళ్తుంది. దర్జాగా కూర్చుని మూడు ప్లేట్ల బిర్యానీ లాగిస్తుంది. పక్కనున్న ముసలాయనకు అనుమానం వచ్చి, టోపీ తీయమంటాడు. సరిగ్గా అక్కడ సురయ్యా పుస్తకం మూసేసింది.

"అటెంక?" పిల్లలంతా ఒక్కసారే అరిచారు.

"పుస్తకం ఈడ్నే ఉంటది. కావాల్నంటే చదువుకోండి."

మర్నాడు పొద్దున తాళం తీసేసరికి గుమ్మంలో పాలక్యానుతో ఒక ముసలామె నిలబడి ఉంది. ఆమె ఎల్లమ్మ. నాలుగు బర్రెలున్నాయి, వాటికన్నా పెద్ద గొంతు ఉంది. వెనక ఆమె మనవరాలు, నాలుగో తరగతి చదివే పూజిత, నక్కినట్టు నిలుచుంది.

"ఏమ్మా, సగం కథ చెప్పి పిల్లను ఇంటికి తోలినవట! గా ఎలుగుబంటి దొరికిందా, లేదా? పాలు పిండుకుంట గదే ఫికర్ జేస్తుంటే, బర్రె బకెట్ల కాలు వెట్టింది!"

సురయ్యా నవ్వు ఆపుకుంది. "నేను చెప్ప పెద్దమ్మా. పూజిత చదివి వినిపిస్తది."

పూజిత తల వంచుకుంది. "నాకు మంచిగ చదవరాదు మేడం. క్లాసుల అందరు నవ్వుతరు."

"ఈడ నవ్వెటోళ్లెవరే? నాకు అక్షరం ముక్క రాదు," అంటూ ఎల్లమ్మ పిల్లల ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది.

పూజిత పుస్తకం తెరిచి, మొదటి పేజీ నుంచి వేలు పెట్టి కూడబలుక్కోసాగింది. "షే... షేర్... షేర్వా..."

"జల్ది చదువే! ఆడ బిర్యానీ సల్లారుతున్నది!"

మాట అందించాలని సురయ్యాకు నోటిదాకా వచ్చింది. బలవంతాన మింగేసింది. కాసేపటికి పూజితే ఆ మాట దాటింది, ఆ పేజీ కూడా దాటింది. చివరికి కథ టోపీ దగ్గరికి వచ్చింది. ఎలుగుబంటి టోపీ తీయగానే గుండ్రటి చెవులు బయటపడ్డాయి. పెళ్లివాళ్లు పరుగో పరుగు. పెళ్లికొడుకు స్టేజీ కింద దూరాడు. ఎలుగుబంటి మాత్రం కదలకుండా, "నోరు తీపి చేసుకోవడానికి మీఠా ఇంకా రాలేదేం?" అని అడిగింది.

ఎల్లమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వుతూ లేస్తే, ఆమెతోపాటు కుర్చీ కూడా లేచింది. అటెండర్ యూనుస్ కుర్చీని ఒకవైపు, సురయ్యా, పూజిత ఆమెను మరోవైపు లాగితే గానీ ఊడిరాలేదు.

"ఇంకొకటియ్యి," అంది ఎల్లమ్మ చీర సర్దుకుంటూ. "జర లావుదియ్యి."

అప్పట్నుంచి సాయంత్రం పాలు పిండే వేళకు పూజిత కొట్టం గట్టుమీద కూర్చుని చదివేది. తప్పు చదివినా ఎవరూ నవ్వలేదు. పాలకు వచ్చినవాళ్లు గిన్నెలు పట్టుకుని అక్కడే నిలబడిపోయేవాళ్లు. వాళ్ల పిల్లలు పుస్తకాల కోసం లైబ్రరీకి రావడం మొదలైంది.

నెల తిరిగాక సురయ్యా పూజితకు చంద్రుడి మీదికి వెళ్లిన మనుషుల పుస్తకం ఒకటి ఇచ్చింది. ఎల్లమ్మ అట్టమీది బొమ్మ చూసి పెదవి విరిచింది.

"గీడ గడ్డి గూడ మొలవలే. ఏం కథుంటది?"

"చదివితే గద నాయనమ్మా తెలిసేది!"

ఇంటిదాకా ఆగలేక పూజిత లైబ్రరీ మెట్లమీదే కూర్చుని మొదటి పేజీ తెరిచింది.