కోటు కసరత్తు

పొద్దున ఆరున్నరకి రేడియోలో వ్యాయామం పాట మొదలయ్యేసరికి త్సురుమాకి ఎయిజో పరుపు మడిచి అల్మరాలోకి తోసేవాడు. మడవకపోతే వంటింట్లోకి దారి లేదు. మడిచినా అంతంతమాత్రమే. ఆరు చాపలు పరిస్తే నిండిపోయే గది మధ్యలో ఇనప కమ్మీ నిలబడి ఉంది. రెండు కాళ్ళు, పైన అడ్డంగా ఒక కడ్డీ. రోజుకి ఒక్క నిమిషం దాన్ని పట్టుకుని వేలాడితే నడుంనొప్పి పోతుందని, పొట్ట లోపలికి పోతుందని ఆ ఏడాది దేశమంతా నమ్మింది. ఒసాకా శివార్లలో గొడుగు ఊచలు చేసే ఎయిజో కంపెనీ క్వార్టర్స్‌లో నలభై ఇళ్ళుంటే ముప్ఫైతొమ్మిదింట్లో కమ్మీ ఉంది. నలభయ్యోది ఖాళీ ఇల్లు.

చోటు పట్టదని కొట్టువాడు చెప్పాడు. అబద్ధమేం కాదు. పట్టడానికి చోటుంటే కదా.

ఎయిజో మూడు రోజులు వేలాడాడు. నాలుగో రోజు పట్టు తప్పి, టీవీ మీద పడబోయి భార్య ఫుమియె మీద పడ్డాడు. టీవీ అయితే పగిలేదని ఓదార్చబోయి, ఆ పూట అన్నం తనే వండుకున్నాడు. అయిదో రోజు నుంచి అందరిళ్ళలో లాగే కమ్మీ మీదికి బట్టలెక్కాయి.

"మీరెలాగూ వేలాడరు. మీ బట్టలన్నా వేలాడనీండి" అంది ఫుమియె.

మిగతా బట్టలు ఊరికే వేలాడేవి. ఎయిజో ఆఫీసుకి వేసుకెళ్ళే ముదురు నీలం ఉన్ని కోటు మాత్రం రెండు చేతులూ కడ్డీకి చుట్టి, భుజాలు బిగించి పైకి లేచేది, మళ్ళీ దిగేది. వానాకాలం వచ్చేసరికి పూటకి ముప్ఫై తీస్తోంది. కింది ఇంటి నిషివాకి గారి భార్య మెట్ల దగ్గర ఆపి, మీ కోటుని కాస్త మెల్లిగా దిగమనండి, మా దీపం ఊగుతోందని మర్యాదగా చెప్పింది. ఫుమియె మూడుసార్లు క్షమాపణ చెప్పి, కమ్మీ కింద పాత దిండొకటి వేసింది.

"కోటు ముప్ఫై తీసింది. మీరేం చేశారు?"

"రెండు గిన్నెల పులుసు తాగాను" అన్నాడు ఎయిజో.

నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ కోటుకి అంత బలం ఎక్కడిదో ఆయనకి తెలుసు. ఇరవై ఏడేళ్ళు పనిచేసిన ఆఫీసులో ఆ వసంతంలో ఆయన బల్లని కిటికీ పక్కకి జరిపారు. ఫైలు లేదు, ఫోను లేదు. అక్కడికి ముందే జరిగినవాళ్ళు మరో ఇద్దరున్నారు. తొమ్మిది నుంచి అయిదు దాకా ముగ్గురికీ కింద లారీలు లెక్కపెట్టడమే పని. కంపెనీ ఎవరినీ పొమ్మనదు. పోతానని మనిషే రాసిచ్చేదాకా ఓపిగ్గా కూర్చోబెడుతుంది.

సెక్షన్ పెద్ద ముకైయామా వయసులో పన్నెండేళ్ళు చిన్న. ఫోను ఎలా ఎత్తాలో, ఎవరి ముందు నడుం ఎంత వంచాలో అతనికి నేర్పింది ఎయిజోనే. ఇప్పుడు రోజూ బల్ల దగ్గర ఆగి, "త్సురుమాకి గారూ, ఇవాళ ఎండ బాగా తగులుతోందా?" అని గౌరవంగా అడుగుతాడు. చుట్టూ తలలు కాగితాల్లోకి దూరి నవ్వుకుంటాయి. ఎయిజో కడుపు కుతకుత ఉడుకుతుంది, నడుం మాత్రం వంగుతుంది. ఆ ఉడుకంతా చెమటతో పాటు కోటులోకి దిగేది. ఇంటికొచ్చి కోటు విప్పితే ఆయనకి ఆకలి తప్ప ఏమీ మిగిలేది కాదు.

జూలైలో ముకైయామా ఒక కాగితం పంపాడు. సొంత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నట్టు టైపు కొట్టేసి ఉంది. శుక్రవారం వచ్చి సంతకానికి బదులు తన పేరు ముద్ర వేస్తే చాలు.

గురువారం సాయంత్రం ఫుమియె ముల్లంగిని నరుకుతోంది. అది తరుగుతున్న చప్పుడు కాదు. "ఈ ఇల్లు కంపెనీది. ముద్ర పడిన నెలకి మనం రోడ్డు మీద. ఇరుకని తిట్టుకున్నాం, ఈ ఇరుకు కూడా మనది కాకుండా పోతుంది. వేయనని చెప్పండి."

"చెప్పాలనే ఉంటుంది. వాడి ముందు నిలబడగానే నడుం దానంతటదే వంగుతుంది."

"అయితే మీ నడుం మీద నాకు నమ్మకం లేదు. రేపు ఎండైనా సరే ఆ కోటు తొడుక్కుని వెళ్ళండి."

ఆఫీసంతా చొక్కాలతో విసనకర్రలు విసురుకుంటుంటే, ఎయిజో ఉన్ని కోటు మెడదాకా గుండీలు పెట్టుకుని ముకైయామా బల్ల ముందు నిలబడ్డాడు. ముద్ర తీసి ఎర్ర సిరాకి అద్దాడు. పై అధికారి పేరు వైపు కాస్త ఒరిగేలా ముద్ర వేయడం ఆ ఆఫీసు మర్యాద. ముద్ర కూడా వంగి దండం పెట్టాలన్నమాట. అదీ ముకైయామాకి ఎయిజో నేర్పిందే.

నిజం చెప్పాలంటే ఆయన వంగుదామనే చూశాడు. కోటు వంగలేదు. వీపు కుట్లు బిగుసుకున్నాయి. కాలరు మెడని నిటారుగా పట్టేసింది. ముద్ర కాగితానికి జానెడు ఎత్తున ఆగిపోయింది.

"కానివ్వండి, త్సురుమాకి గారూ."

"కోటు వంగడం లేదు."

ముకైయామా కోటు వంక చూశాడు. కసరత్తు చేసిన కోటు వంగదని అతనికీ తెలుసు, విసుక్కుంటూ వాచీ చూసుకున్నాడు. అప్పుడు కోటు నాలుగు నెలలుగా దాచుకున్న ఉడుకంతా ఒక్కసారిగా ఎయిజో భుజాల్లోకి తిరిగొచ్చింది.

"మొదటి రోజు నువ్వు ఫోను తలకిందులుగా పట్టుకుని గంటసేపు హలో అన్నావు" అన్నాడు, మెల్లిగానే. "పద్దెనిమిదేళ్ళు ఎవరికీ చెప్పలేదు. నా బల్ల ఎక్కడిదక్కడ పెట్టించు. ఫోను కూడా."

ఆ గొంతు వినగానే ముకైయామా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎదుటి నడుం నిటారుగా ఉంటే తనది వంచాలని ఒకప్పుడు నేర్చుకున్నవాడు, వంగాడు. ఎయిజో నేర్పినంతే, వెంట్రుకవాసి తేడా లేకుండా. కాగితాల్లోంచి తలలన్నీ పైకి లేచాయి. అందరూ చూశాక ఆ వంపుని వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

సోమవారం కల్లా బల్ల తన చోటికి వచ్చేస్తుందని ఎయిజో చెబితే, ఫుమియె నమ్మక, ముద్ర చూపించమంది. సిరా కాగితానికి అంటకుండా దాని మీదే ఎండిపోయి ఉంది.

ఆదివారం పొద్దున రేడియో పాట మొదలైంది. కోటు కదల్లేదు. కడ్డీ మీద ఒక చివరికి జరిగి, పక్కన మనిషి పట్టేంత చోటు వదిలి ఉంది.

"చూస్తారేం, వేలాడండి" అంది ఫుమియె. "కిటికీ పక్కన ఇంకా ఇద్దరు కూర్చునే ఉన్నారు కదా. వాళ్ళ బల్లలు ఎవరు జరిపిస్తారు?"

ఎయిజో టీవీని గోడవైపు జరిపి, కడ్డీ పట్టుకున్నాడు.