కొలువులో నత్తగుల్ల

హరిణి మేడం ఆ మాట చెప్పేసరికి పాపక్క చేతిలోని తట్ట నీళ్ళతొట్టిలోకి జారిపోయింది.

జిగణిలో కొత్త మందులు వెతికే చిన్న కంపెనీ అది. సముద్రంలోంచి తీసిన స్పాంజీలు, నత్తలు, పేరు తెలియని మెత్తటి జీవాలు డబ్బాల్లో వచ్చేవి. పాపక్క అక్కడ సీసాలు, తట్టలు కడుగుతుంది. ఒకరకం నత్త విషంలోంచి కాన్సర్ నొప్పికి మందు రావచ్చని పనిలో చేరిన కొత్తలో హరిణి చెబితే, పాపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భర్త సొన్నప్ప ఆ జబ్బుతోనే నెలల తరబడి మూలిగి మూలిగి పోయాడు. ఆ మూలుగు ఆగితే చాలని ఆమె మొక్కని దేవుడు లేడు.

నిన్న సాయంత్రం, ఆ నత్తల్లో చచ్చినవాటిని పడేసే తట్టలో ఒక గుల్ల కనబడింది. తెల్లటి ఒంటిమీద గోధుమరంగు వల అల్లినట్టు ముద్దుగా ఉంది. ఇంటి ఓనరమ్మను చూసి కోడలు ఆశ ఈ దసరాకు బొమ్మల కొలువు పెట్టింది. కింది మెట్టు ముందు ఇసుక పోసి సముద్రం చేసింది గానీ అందులో పెట్టడానికి ఒక్క గవ్వ లేదు. పాపక్క గుల్లను కొంగున కట్టుకుని హెబ్బగోడిలో ఇంటికి తెచ్చింది. దేవుళ్ళ ముందు పెట్టేది, చావు మైల ఉండకూడదని రాళ్ళ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టింది.

ఇవాళ ఆమె ఉత్త చేతులతో ఆ నత్తల తట్ట కడుగుతుంటే హరిణి కోప్పడింది. అవన్నీ చచ్చినవే కదమ్మా అంది పాపక్క.

"చచ్చాయో ముడుచుకున్నాయో మనకేం తెలుసు పాపక్కా? ఉప్పునీళ్ళు తగిలితే కొన్ని మళ్ళీ లేస్తాయి. కుడితే నొప్పి కూడా తెలీదు. నిద్రొచ్చినట్టుంటుంది, మెల్లగా ఊపిరి ఆగిపోతుంది."

నిజం చెప్పబోయింది పాపక్క. కానీ కంపెనీ వస్తువు ఇంటికి పట్టుకుపోయిందని తెలిస్తే పని పోతుంది. ఇంటికి చెబుదామంటే ఆమె దగ్గర గానీ ఆశ దగ్గర గానీ ఫోను లేదు. కడుపునొప్పి అని చెప్పి బస్సెక్కింది.

మనవరాలు సింధుది ఏది దొరికినా గుప్పిట పట్టే వయసు. కుడితే ఏడుస్తుంది, ఆశ చూసుకుంటుంది అనుకోబోయి ఆగిపోయింది. ఈ నత్త ఏడవనివ్వదు. బొమ్మసంద్ర దగ్గర లారీలు అడ్డంపడి బస్సు నిలిచిపోతే దిగి నడిచింది. నడక పరుగైంది.

ఆశ గడపలో కూర్చుని కొలువు నైవేద్యానికి ఉసిలి గుగ్గిళ్ళు చెయ్యడానికి శనగలు ఏరుతోంది.

"ఏమత్తా, అప్పుడే వచ్చేసినావు? మీ మేడం తరిమేసిందా?"

"పాప యాడుండాది?"

"పండుకోనుండాది. ఈ పొద్దు ఏడ్సనే లేదత్తా. కొలువు కాడే ఆడుకోని ఆడుకోని అట్లే నిద్రపోయింది. అంతా నీ గవ్వ పుణ్యం."

నానబెట్టిన గిన్నెలో గుల్ల లేదు. సింధు కొలువు ముందు వెల్లకిలా పడుకుని ఉంది, ఒక గుప్పిట మూసి. పాపక్క వంగి ముక్కు దగ్గర చెవి పెట్టింది. తన రొప్పు తప్ప ఏమీ వినబడలేదు. గుప్పిట విప్పితే ఇసుక రాలింది. బొటనవేలి మీద ఎర్రటి చుక్క. దోమకాటో, మరేదో.

పాపక్క సింధు తొడ మీద గోళ్ళు దిగేలా గిల్లింది. పాప కదల్లేదు. మళ్ళీ గిల్లింది. సింధు కెవ్వుమంది.

ఆశ పరుగెత్తుకొచ్చి, నీకేమైనా పిచ్చి పట్టిందా అంటూ బిడ్డను లాక్కోబోయింది. పాపక్క వదల్లేదు. గుల్ల ఎక్కడ పెట్టావని అడిగింది. ఇసుకలో, అంగడి పెట్టుకున్న శెట్టి బొమ్మ పక్కన, అంది ఆశ. అక్కడ లేదు. అక్కడినుంచి ఇసుకలో వేలంత వెడల్పు చార వంకరగా సాగి, పాప చెయ్యి ఉన్న చోటి దాకా వచ్చింది. ఆ చార చివర గుల్ల. దాని నోట్లోంచి సన్నటి దారం లాంటిదొకటి బయటికొచ్చి ఇసుకను తడుముతోంది.

పాపక్క దానిమీద ఇత్తడి చెంబు బోర్లించి, సంగతి చెప్పింది. ఆశ వీధిలోకి పరుగెత్తి ఆటో ఆపింది.

ఆటో ఆసుపత్రి వైపు తిరిగినప్పుడు ఆశ అడిగింది. "ఏం కుట్టిందని చెప్పాల డాక్టరుకు?"

"ఉన్నదే చెప్తా. మా మేడంకీ ఫోను చేపిస్తా, నేనే ఎత్తుకొచ్చినానని."

ఒళ్ళో సింధు ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. రెప్పలు బరువుగా వాలుతున్నాయి. ఏడ్చి ఏడ్చి అలసిపోయిందో, ఇంకేమో. పాపక్క మళ్ళీ గిల్లింది. ఈసారి కొంచెం ఆలస్యంగా, పాప ఏడ్చింది.