పెళ్లిపూలకు పుట్టింటి వాసన

రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురుగా ఉన్న పూలకొట్టులో తెల్లారగానే పని మొదలయ్యేది. పూలామె ముందు నేల కడిగేది. తర్వాత గులాబీల ముళ్లు గీకి, లిల్లీల కాడలు ఏటవాలుగా కోసి బకెట్లలో పెట్టేది. పది కొట్టేసరికి జంటలు వచ్చేవి. ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్లను గుర్తుపట్టడం ఆమెకు చిటికెలో పని. అబ్బాయి బేరమాడడు, అమ్మాయి వీధి చివరివైపు చూడటం మానదు. సాక్షి సంతకాలు దారినపోయే వాళ్లెవరో పెట్టేవాళ్లు. అది పెళ్లి అని చెప్పుకోడానికి చేతిలో ఉన్న గుప్పెడు పూలే ఆధారం.

అలాంటి అమ్మాయి కోసం కట్టిన పూలగుత్తికి, ఆమె వదిలొచ్చిన ఇంటి వాసన వచ్చేది. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఒకదానికి రంపంపొట్టు వాసన, ఇంకోదానికి ఇస్త్రీబట్టల వాసన. పిల్లుల వాసన కొట్టినరోజు ఆఫీసు అటెండరు తుమ్ముకుంటూ కిటికీలు తెరిచేవాడు, అంతే. ఆ వాసనకు కళ్లనీళ్లు పెట్టుకోని పిల్ల లేదు. కొందరైతే కలం కిందపెట్టి ఇంటిదారి పట్టేవాళ్లు. అందుకే పూలామె జాలిపడి ప్రతి గుత్తిలో నాలుగు యూకలిప్టస్ ఆకులు దూర్చేది. ఆ ఘాటుకు ఇల్లు కాస్త వెనక్కి తగ్గేది.

ఆ రోజు మందుల షాపులో పనిచేసే యువకుడొకడు వచ్చాడు. పెళ్లికూతురు పూలేం వద్దని గట్టిగా చెప్పిందట, వెనక గుమ్మం నుంచి ఆఫీసులోకి వెళ్లి కూర్చుందట. ఆమెకు చెప్పకుండా తనే ఇలా వచ్చాడు.

"పూలన్నా లేకపోతే ఎలాగమ్మా," అన్నాడు సిగ్గుపడుతూ.

పూలామె నవ్వి తెల్లగులాబీలు తీసింది. ముడి బిగించేసరికి గుప్పున వాసన లేచింది. చెమ్మగోడలు, నొప్పుల తైలం, మాడిన పాలు, ఏళ్లతరబడి మంచం దిగని మనిషి.

అది తన ఇల్లే.

ఆరేళ్ల కింద పరంజా మీంచి పడి ఆమె భర్త నడుం విరిగింది. ఆమె కొట్టు చూసుకుంది. కూతురు చదువు మానేసి నాన్నను చూసుకుంది. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, మందులు తేవడం అన్నీ ఆ పిల్లే. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే, అది పోతే ఆయన్నెవరు చూస్తారని పూలామె అక్కడికక్కడే తుంచేసేది. కూతురు వింటుండగానే.

వీధి దాటి వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కురావచ్చు. లేచింది కూడా. కానీ ఇవాళ లాక్కొస్తే రేపు మళ్లీ పోతుంది. తనంతట తనే రావాలి. ఎవరెవరి పిల్లలనో వెనక్కి తిప్పిన పూలు తన పిల్లను తిప్పలేవా? ఆమె ముడి విప్పి ఇంకో పిడికెడు గులాబీలు చేర్చింది. యూకలిప్టస్ ఆకుల జోలికి పోలేదు. కొట్టంతా తైలం కంపుతో నిండింది. మందుల మధ్య బతికే ముక్కు కాబట్టి ఆ యువకుడికేమీ అనిపించలేదు. ఈ కొట్టు ఎవరిదో కూడా అతనికి తెలీదు.

"తిన్నగా ఆ అమ్మాయి చేతికే ఇవ్వు బాబూ," అంది.

అతను వెళ్లాక ఆమె ఆఫీసు గుమ్మం మీంచి చూపు తిప్పలేదు. వచ్చినవాళ్లను పూలు లేవని పంపించేసింది. చివరికి గుమ్మంలోంచి అటెండరు వచ్చాడు, చేతిలో ఆ గులాబీలతో.

"ఇవాళ నీ పూలు తిరగబడ్డాయక్కా," అన్నాడు. ఆ పెళ్లికూతురు ఎవరి పిల్లో అతనికి తెలీదు. పూలు రాకముందే ఆ పిల్ల కలం పక్కన పెట్టేసిందట. నాన్నను ఎవరు లేపి కూర్చోబెడతారని వెక్కివెక్కి ఏడ్చి, ఇంటికి పోతానని సంచి భుజాన వేసుకుందట. ఆఫీసరు కాగితాలు మడిచేశాడట కూడా. అంతలో పెళ్లికొడుకు వచ్చి గుత్తి చేతిలో పెట్టాడు.

"పూలల్లో ముఖం పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయిందక్కా. ఏడుపు ఆగిపోయింది. సంచి దించి, 'ఈ వాసన నా బట్టలకు పట్టకముందే కానివ్వండి' అంది."

పూలు బల్లమీదే వదిలేసి ఇద్దరూ వెనక గుమ్మం నుంచే వెళ్లిపోయారట. పారేయడానికి మనసొప్పక అటెండరు తెచ్చాడు. పూలామె అందుకుని వాసన చూసింది. ఏ వాసనా లేదు.

ఆరేళ్లలో మొదటిసారి ఆమె మధ్యాహ్నమే కొట్టు మూసింది. ఇంట్లో భర్త గుమ్మంవైపే చూస్తున్నాడు.

"వెళ్లిందా?" అన్నాడు. "పొద్దున నాకు చెప్పింది. పొమ్మన్నాను."

 మంచం పక్కన ఏడు సీసాలున్నాయి. మధ్యాహ్నం వేసేది ఏదో ఆమెకు తెలీదు. ఒక్కొక్కటే ఎత్తి ఆయనకు చూపించింది. ఆరోదాని దగ్గర ఆయన తల ఊపాడు.