వారసులెవరైనా ఉన్నారా?

అమ్మను కాటికి సాగనంపి ఇంటికొచ్చేసరికి మా గదికి కొత్త తాళం, దానిమీద ఎర్ర లక్క సీలు! నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మా నేనూ బట్టలు కుట్టి బతికిన మిషను ఆ గదిలోనే ఉంది. అది లేకపోతే నాకు బతుకే లేదు.

వారసులు లేనివాళ్లు పోతే గది సర్కారుదవుతుంది. అయితే సీలు వేసేముందు ఉద్యోగి గుమ్మం ముందు నిలబడి, "వారసులెవరైనా ఉన్నారా?" అని ముమ్మారు పిలవాలి. మహానుభావుడు పిలిచాడట! మేమంతా శ్మశానంలో ఉన్నప్పుడు వచ్చి, ఖాళీ వరండాను పిలిచి పోయాడట. మంచం పట్టిన పక్కింటి తాతయ్య ఒక్కడే విన్నాడు.

మర్నాడు ఆ ఉద్యోగి ఆఫీసు మీదికి వెళ్లాను. పై అంతస్తు ఇంగ్లీషు మాస్టారు వద్దన్నా వెంట వచ్చారు.

"ఇది చీటింగ్ కాదూ?" అని అతన్ని నిలదీశాను.

"నోరు అదుపులో పెట్టుకోమ్మా. ఆవిడ నిన్ను కనలేదు. పిలిచాం, ఎవరూ పలకలేదు."

"కనకపోతే? పాలు పట్టింది, పని నేర్పింది. మనుషులు లేనప్పుడు పిలిస్తే గోడలు పలుకుతాయా?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయి సరైన మాటే అంది నాయనా. వెనకటికి ఇంగ్లండులో వారసులు లేని భూమి రాజుకు పోవడాన్ని ఎస్చీట్ అనేవారు. ఆ పని చూసే ఉద్యోగులు వారసులున్న భూములు కూడా మింగేసేవారు. జనం మండిపడి మండిపడి, మోసానికి ఆ పేరే పెట్టేశారు. చీట్ అనే మాట అలా పుట్టిందే."

"మాస్టారూ, పాఠం తర్వాత చెబుదురుగాని," అన్నాను. మాట ఎక్కడ పుడితే నాకేం, నా మిషను లోపలుంది! "ఏమయ్యా, వచ్చి ఇంకోసారి పిలువు. ఈసారి మేమంతా ఉంటాం."

నా అరుపులకు పై అధికారి బయటికొచ్చాడు. "ఎప్పుడు పిలిచావయ్యా?" అని అడిగాడు. మేమంతా శ్మశానంలో ఉన్న వేళకేనని తెలిసి, "వెళ్లి మళ్లీ పిలువు," అన్నాడు.

సాయంత్రం మనవాడికి రాక తప్పలేదు. మెట్లనిండా మా ఇరుగుపొరుగు వాళ్లే.

"వారసులెవరైనా ఉన్నారా?" అని గొణిగాడు.

"గట్టిగా! నిన్న గోడలకు బాగానే వినిపించావుగా!" అంది కింది వాటా అత్తయ్య.

గట్టిగా పిలిచాడు. అందరూ నావైపు చూశారు. నిన్నటినుంచి అరుస్తున్న నోరు, తీరా ఆ క్షణంలో పెగల్లేదు. అన్నానికి అమ్మ ఇదే గుమ్మంలోంచి పిలిచేది. వస్తున్నాలే అని విసుక్కునేదాన్ని.

మూడోసారి పిలిచాడు.

"ఉన్నానయ్యా!" ఏడుస్తూనే అరిచాను. "ఇక్కడే ఉన్నాను. ఆవిడ కూతుర్ని. తియ్యి తాళం!"