మొండిది

సీసాలకి అన్నం పెట్టే వేళయింది. ఆ ల్యాబులో అందరూ ఆ పనిని అలాగే అంటారు. అక్కడ అందరూ అక్కా అని పిలిచే పనామె గ్లౌజులు తొడుక్కుని, స్పిరిటుతో తుడుచుకుని, వెచ్చటి అలమర తలుపు తీసింది. చదునైన సీసాలు వెల్లకిలా పడుకుని ఉన్నాయి. అడుగున కంటికి ఆనని కణాలు. గులాబిరంగు నీళ్లే వాటి తిండి. బతికి తింటుంటే నీళ్లు పసుపుకి తిరుగుతాయి, చస్తే గులాబిగానే ఉండిపోతాయి.

ఇక్కడ చావు సంగతి తలకిందులు. చెడిపోయిన కణం తనంతట తాను చచ్చిపోవాలి, అది ఒంటి ధర్మం. చావడం మరిచిన కణమే రోగం, అదే క్యాన్సరు. అందుకే మందు వేసిన మర్నాడు ఎవరైనా "పోయాయి!" అని కేకేస్తే గదంతా పండగ. చావుకబురుకి చప్పట్లు కొట్టే చోటు ఇంకెక్కడైనా ఉంటుందా! మొదట్లో అక్కకి ఒళ్లు మండేది. తర్వాత తనూ కొట్టడం నేర్చుకుంది. కడగడం, తుడవడం, తిండి పెట్టడం, ఇంతే ఆమె బతుకు. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన చెల్లెలు తప్ప చెప్పుకోడానికి ఇంకేం లేదు.

చివరి సీసా పేరు మొండిది. ఏ మందుకీ లొంగదు. అందులోవి చెల్లెలి కడుపులో గడ్డ తాలూకు కణాలు. "ఇందులో చస్తే నాలోనూ చస్తుందిగా! నువ్వే చూసుకోవే అక్కా," అంది చెల్లెలు, నవ్వుతూనే. చెల్లెల్ని పెంచిన చేత్తోనే చెల్లెల్ని తినేదాన్నీ పెంచాలి. ఏం రాత! "తిని చావవే ముదనష్టపుదానా," అని తిట్టుకుంటూ పెట్టేది. నిన్న దానికి కొత్త మందు వేశారు. ఇదీ కాకపోతే ఇక లేదన్నారు. అందుకే భయపడి, మిగతావాటికి పెట్టేసి, దాన్ని ఆఖరికి ఉంచింది.

చెయ్యి చాచబోతుంటే ఫోను మోగింది. ఆస్పత్రిలో చెల్లెలి దగ్గరున్న మరిది, చెల్లెలి మొగుడు.

"వదినా... పోయింది వదినా."

బల్ల అవతల మైక్రోస్కోపు మీద వంగి ఉన్న డాక్టరమ్మ తల ఎత్తకుండానే, "ఏమైందక్కా?" అంది.

"పోయింది."

డాక్టరమ్మ ఒక్క గెంతున లేచింది. "పోయిందా! మొండిది పోయిందా! అబ్బ, ఎన్నాళ్లకి!" పక్కనున్న ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

చిన్నప్పుడు అన్నం తినకుండా ఏడిపించే చెల్లెల్ని అక్క పిలిచిన పేరది. సీసాకి ఆ పేరు పెట్టిందీ తనే.

"అవునమ్మా," అంది. "మా మొండిది పోయింది."

ఆమె చేతిలో ఫోను చూశాక చప్పట్లు ఆగాయి. "అక్కా..." అని డాక్టరమ్మ దగ్గరికి రాబోయింది. అక్క గ్లౌజులు విప్పి బుట్టలో పడేసింది. చెప్పులు వేసుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

తీసిన అలమర తీసినట్టే ఉంది. లోపల చివరి అరలో మొండిది వెల్లకిలా పడుకుని ఉంది, నిన్న పోసిన నీళ్లన్నీ పచ్చటి పసుపు చేసుకుని.